26 నిండకముందే అడగండి

అమెరికాలో తల్లిదండ్రుల ఉద్యోగం ద్వారా వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ పిల్లలకు 26 ఏళ్లు నిండేదాకా ఉంటుందని మనవాళ్లందరికీ తెలుసు. ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో ఉండి సొంతంగా సంపాదించుకోలేని పిల్లలను ఆ తర్వాత కూడా చాలా ప్లాన్లు కొనసాగిస్తాయన్న సంగతే ఎక్కువమందికి తెలియదు.

కానీ అది దానంతటదే జరగదు. వైకల్యం 26 ఏళ్లలోపే మొదలైందనీ, బిడ్డ మీ పోషణలోనే ఉందనీ డాక్టరు సంతకంతో ఫారం పెట్టాలి. 26 నిండాక చాలా ప్లాన్లు ఇచ్చే గడువు 31 రోజులే. అది దాటితే మళ్లీ చేర్చుకోకపోవచ్చు. అందుకే 25 నిండగానే హెచ్చార్‌కు ఈమెయిల్ రాసి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. ఫోన్లో ఎవరో "పర్లేదు" అన్నారని ఊరుకోవద్దు. ఉద్యోగం మారేటప్పుడు మరీ జాగ్రత్త. 26 దాటిన బిడ్డను కొత్త కంపెనీ ప్లాన్‌లో చేర్చుకుంటారో లేదో ఆఫర్ ఒప్పుకోకముందే కనుక్కోండి. జీతం ఎంత పెరిగినా ఇది పోతే లాభం లేదు.

హెచ్1బీ వర్క్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇంకో టెన్షన్ ఉంది. ఇన్సూరెన్స్ 26 దాకా ఉన్నా, మీ మీద ఆధారపడి బిడ్డకు వచ్చే హెచ్4 వీసా మాత్రం 21కే ఆగిపోతుంది. వైకల్యం ఉందని మినహాయింపు ఇవ్వరు. ఈ విషయం లాయరుతో మొదటి ఏడాదే మాట్లాడాలి. గ్రీన్‌కార్డు ఉండి మీతోనే ఉంటున్న బిడ్డకు 18 నిండేలోపు మీలో ఒకరు సిటిజన్ అయితే, బిడ్డకూ పౌరసత్వం వస్తుంది. అది ఎందుకు ముఖ్యమంటే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్‌కు పెద్దయ్యాక గ్రీన్‌కార్డు మీద సాధారణంగా ఐదేళ్లు ఆగాలి, పౌరులకు ఆ ఆగడం లేదు.

మెడికెయిడ్ అనగానే "అది లేనివాళ్లకు కదా" అని మొహమాటపడతాం. దయచేసి ఆ మొహమాటం వదిలేయండి. ఇంటికొచ్చి స్నానం చేయించే మనిషికి, పగటిపూట చూసుకునే కేంద్రానికి కంపెనీ ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు కట్టదు. వైకల్యం ఉన్నవాళ్లను ఇంటి దగ్గరే చూసుకోవడానికి మెడికెయిడ్‌లో ఉన్న "వెయివర్" అనే పథకం కడుతుంది. వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతి ఎస్‌ఎస్‌ఐ. 18 నిండాక దానికి మీ ఆదాయం లెక్కలోకి రాదు, బిడ్డ పేరునున్న డబ్బే చూస్తారు. అది 2,000 డాలర్లు దాటకూడదు. తాతయ్య, అమ్మమ్మ ప్రేమగా మనవడి పేర వేసే డబ్బు, వైకల్యం ఉన్నవాళ్ల కోసమే ఉన్న పొదుపు ఖాతా అయిన ఏబుల్ అకౌంట్‌లో వేయిస్తే ఆ చిక్కు రాదు.

వెయివర్‌కు చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. బిడ్డ ఇంకా స్కూల్లోనే ఉన్నా సరే, అర్హత ఉంటే పేరు ఇప్పుడే రాయించండి.