గాలి రోజున దిగేటప్పుడు ఎంత వేగం: అమ్మాయికి పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

గాలి బలంగా వీచే రోజుల్లో కూడా ఒంటరిగా గ్లైడర్, అంటే ఇంజను లేని ఆ విమానం, నడపడానికి మీ శిక్షకులు నీకు అనుమతి ఇచ్చారని మీ నాన్న ఫోనులో చెప్పగానే నా ఛాతీ ఉప్పొంగింది; ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. పైకి వెళ్లడం గురించి నీకు చెప్పవలసినదేమీ లేదు. కిందికి దిగడం గురించి, అందులోనూ చివరి వంద అడుగుల గురించి రాయకపోతే నా మనసు కుదుటపడదు.

దిగేటప్పటి వేగం లెక్క నీకు తెలిసినదే: స్టాల్ వేగానికి, అంటే రెక్కలకు గాలి ఆసరా తప్పే వేగానికి, 1.3 రెట్లు, ఆపైన ఎదురుగాలి వేగంలో సగం. గ్లైడర్ 36 నాట్ల (గంటకు సుమారు 67 కిలోమీటర్ల) దగ్గర స్టాల్ అయ్యేదైతే మొదటి అంకె 47, గాలి 20 నాట్లుంటే మరో 10, వెరసి 57. గాలి విసురుగా ఉంటే ఇంకొంత కలపాలి. ఆ విసురులో సగం కలిపేవారూ ఉన్నారు, మొత్తం కలిపేవారూ ఉన్నారు. నువ్వు మీ శిక్షకుల పద్ధతినే పాటించు. వేగమాపకం మీది పసుపుపచ్చ త్రికోణం తయారీదారు సూచించిన కనీస వేగమే తప్ప, గాలి కోసం కలపవలసినది అందులో చేరి లేదని మరచిపోకు.

ఎదురుగాలిలో సగం కలపడం ఎందుకో నీకు బాగా మనసుకెక్కాలి. పైన 20 నాట్లున్న ఎదురుగాలి, నేల రాపిడి వల్ల, కిందికి వచ్చేసరికి 10 నాట్లకు పడిపోవచ్చు. బరువైన గ్లైడర్ ఆ మార్పును వెంటనే అందుకోలేదు కాబట్టి తగ్గిన గాలి మేరకు నీ వేగమాపకంలో ముల్లు కూడా దాదాపు అంతే పడిపోతుంది. 57తో వచ్చినవారికి 47 మిగులుతుంది. 47తో వచ్చినవారికి మిగిలేది 37, అంటే స్టాల్‌కు ఒక్క నాట్ దూరం.

నాతోపాటు నేర్చుకున్న మిత్రుడొకడు ఉండేవాడు. మా అందరిలోకీ చేయి తిరిగినవాడు. ఒక గాలి రోజున నేను నేల మీద నిలబడి అతడి రాక చూస్తున్నాను. ఎదురుగాలికి గ్లైడర్ ముందుకు సాగడం లేదు. మైదానం అంచు అందదేమోనని అతడికి అనిపించింది. అటువంటప్పుడు ఎయిర్‌బ్రేకులు, అంటే గ్లైడర్‌ను త్వరగా కిందికి దించే రెక్కల మీది పలకలు, మూసి, ముక్కు దించి, వేగం పెంచితేనే గాలిని చీల్చుకొని ముందుకు రాగలం. కానీ నేల దగ్గరవుతుంటే ముక్కు దించడానికి మనిషికి చేయి రాదు. అతడు ముక్కును ఎత్తి దించే స్టిక్‌ను కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ వచ్చాడు. చెట్ల ఎత్తుకు దిగేసరికి, ఎవరో కింద నుంచి ఆసరా లాగేసినట్లు, గ్లైడర్ ఒక్కసారిగా కూలబడింది. మేము పరుగెత్తి వెళ్లేసరికి అతడి ఎడమచేయి ఇంకా ఎయిర్‌బ్రేకుల నీలం పిడిని బిగించి పట్టుకొనే ఉంది. బ్రేకులు సగం తెరిచే ఉన్నాయి. అతడి వెన్నెముక విరిగింది. అంత నేర్పరి కూడా ఆ పిడిని ముందుకు నెట్టడం మరచిపోయాడని తలచుకుంటే, ఇప్పుడు ఆ సీటులో నిన్ను ఊహించుకొని నాకు వణుకు పుడుతుంది.

అందుకే గాలి రోజున మైదానానికి దగ్గరగానే మలుపు తీసుకో. ఎత్తు మిగిలితే బ్రేకులు తెరిచి తగ్గించుకోవచ్చు. వేగాన్ని డౌన్‌విండ్ లెగ్‌లోనే, అంటే దిగేముందు గాలివాలున రన్‌వే పక్కగా సాగేటప్పుడే, నిర్ణయించుకొని, గ్లైడర్ ఆ వేగంలో తనంత తానే నిలిచేలా ట్రిమ్ సరిచేసుకో. అక్కడ గాలి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి నేల గబగబా వెనక్కి పోతుంది. ఆ పరుగును చూసి, వేగం ఎక్కువైందని భ్రమపడి ముక్కు ఎత్తకు. ఆ తరువాత రన్‌వేకు ఎదురుగా తిరిగే ఫైనల్ మలుపులో 45 డిగ్రీలు వంగితే నీ 36 నాట్ల స్టాల్ వేగం 43 అవుతుంది. గాలికి కొట్టుకుపోయి రన్‌వే గీత దాటిపోయావని రడ్డర్‌తో, అంటే తోక చుక్కానితో, ముక్కు తిప్పబోతే స్పిన్ వస్తుంది; గ్లైడర్ గింగిరాలు తిరుగుతూ పడిపోతుంది. ఆ ఎత్తులో దాని నుంచి తేరుకొనే వ్యవధి ఉండదు. మలుపు సరిగా రాకపోతే పోనీ. రన్‌వేకు పక్కగా, గడ్డి మీద దిగినా నిన్ను ఎవరూ ఏమీ అనరు; అన్నవారికి నేను సమాధానం చెబుతాను.

భయం కొద్దీ వేగం మరీ పెంచడం కూడా వద్దమ్మా. 57కు బదులు 70తో వస్తే వదిలించుకోవలసిన శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. నేలకు ఆనకుండా తేలుతూ పోయి మైదానం చివరికి చేరుతావు.

దిగి ఆగిన తరువాత బ్రేకులు తెరిచే ఉంచి, ఎవరైనా వచ్చి రెక్క పట్టుకొనేదాకా సీటులోనే కూర్చో. ఆ రోజు గాలి ఎంత ఉందో, నువ్వు ఏ వేగం ఎంచుకున్నావో, కిందికి వచ్చేసరికి అందులో ఎంత మిగిలిందో సాయంత్రమే నాకు రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న