మీ మామ్మ కుండ గురించి

అమ్మాయ్,

పూతరేకులు చేసి అమ్మిన మీ మామ్మ మీద పత్రికకి పంపాలని నువ్వు రాసిన ‘త్యాగమూర్తి మా మామ్మ’ చదివాను. మొదటి పేజీలోనే ‘మమతానురాగాలు’ ఆరుసార్లు! అన్నీ ఎర్ర సిరాతో చుట్టాను, చూసుకో. మూడో పేజీ అడుగున మాత్రం, ‘రేకులమ్మిన డబ్బు మామ్మ మినుముల డబ్బా అడుగున దాచేది, తాతయ్య అడిగితే పిండికే సరిపోయిందనేది’ అని రాశావు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఆ మనిషి గురించి రాయవేం మరి? సృజనశీలి, స్వతంత్రురాలు అని బిరుదులిచ్చి ఊరుకున్నావు. ‘పల్చటి పూతరేకులు అలవోకగా చేసేది’ట. అలవోకగా ఎవరికీ రావు, తల్లీ. బియ్యం నానబెట్టి, వెన్నలా రుబ్బి, పాలంత పల్చన చెయ్యాలి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టాలి. కొబ్బరాకే ఎందుకు? గుప్పున మండుతుంది, చప్పున తగ్గుతుంది, సెగ మనం చెప్పినట్టు వింటుంది. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, కొసలు పట్టుకుని కుండ మీద పరిచి లాగెయ్యాలి. రెప్పపాటులో రేకు లేస్తుంది. పిండి చిక్కనైతే అప్పడంలా మందం, మరీ నీళ్లైతే చిల్లులు. కుండ కాగకపోతే అంటుకుని చిరుగుతుంది, ఎక్కువ కాగితే ఎర్రబడి ముడుచుకుంటుంది. మీ మామ్మకి ఇవన్నీ వేళ్లకి తెలుసు. ఆ సెగకి వేళ్ల కొసలు ఎలా అయ్యాయో నువ్వెప్పుడైనా చూశావా?

చుట్టడం ఇంకో విద్య. తడిగుడ్డ అద్ది రేకును మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం కోరో చల్లి మడవాలి. తడి ఎక్కువైతే ముద్ద, తక్కువైతే మడత దగ్గర ఫెళ్లుమంటుంది. విరిగిన రేకుల్ని మామ్మ ఏం చేసేది? మీకు పెట్టేదా, తక్కువకి అమ్మేదా, పక్కింటికి పంపేదా? నాకు అది కావాలి. నీ మమతానురాగాలన్నీ ఆ విరిగిన రేకుల దగ్గర తేలిపోతాయి.

‘కిలో బియ్యం’ అన్నావు. ఆవిడ కొలిచింది సోలతోనేమో, కనుక్కో. సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక. తవ్వ బియ్యానికి ఎన్ని రేకులొచ్చేవి, ఎన్ని అమ్మకానికి నిలిచేవి? అది తేలితే డబ్బాలో ఎంత పోగయ్యేదో నీకే తెలుస్తుంది.

ఇంకో చోట ‘ఒకసారి పెద్ద విపత్తు వచ్చింది’ అన్నావు. ఏది? 1986 ఆగస్టు గోదావరి వరదా, 1996 నవంబరు 6 తుఫానా? రెండూ ఒకటి కాదు. వరదైతే ఏటిగట్టు మీద కాపలా, ఇంట్లో బురద. తుఫానైతే కోనసీమలో కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఎటు చూసినా ఆకే, కానీ అంతా పచ్చిదీ తడిసిందీ, పొయ్యిలోకి పనికిరాదు. అన్నాళ్లూ మామ్మ చెయ్యి ఆగిందా? ఏం పెట్టి మండించింది?

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు రావడం మీద పేరా మొత్తం కొట్టేశాను. మామ్మ పోయాక వచ్చిన సంగతి అది, ఆవిడ కథలో దానికేం పని?

సంపాదకుల సంగతి నీకు ముందే చెబుతున్నాను. చోటు చాలకపోతే ముందు పిండీ, కుండా, కొలతలూ కత్తిరిస్తారు. కన్నీళ్లు మాత్రం ముట్టుకోరు. మార్చి 8, మహిళా దినోత్సవం దగ్గరపడిందంటే అందరికీ ఒకే త్యాగమూర్తి కావాలి, ఫొటో ఒక్కటీ మారితే చాలు. నువ్వు వాళ్ల కోసం ముందే కత్తిరించుకుని పంపకు. ఇప్పుడు కొత్తగా ‘సాధికారత’ అని ఇంకో ముద్ర వచ్చింది, దాన్నీ గుమ్మం బయటే ఉంచు.

కలం పేరు గురించి అడిగావు, తర్వాత చూద్దాం. ముందు మీ పెద్దత్తని అడిగి రా. డబ్బా ఎన్నేళ్లు నడిచింది? అందులోంచి మొదట ఏం కొంది? అన్నేళ్లూ అదే ఇంట్లో మినప్పప్పు తిన్న తాతయ్యకి నిజంగానే తెలియదా?