నోటరీ మీద టిడ్కో ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. మావారు ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేస్తారు, నేను జాకెట్లు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 42 వేలు. అద్దె 8 వేలు. చీటీ డబ్బుతో కలిపి చేతిలో 8.5 లక్షలున్నాయి. జక్కంపూడిలో టిడ్కో ఇల్లు (ప్రభుత్వం పేదలకు కట్టించిన ఫ్లాట్) వచ్చినాయన 7 లక్షలకు నోటరీ రాసిస్తానంటున్నాడు, మిగతా లోన్ మమ్మల్నే కట్టుకోమంటున్నాడు. పాయకాపురంలో రెండో అంతస్తు ఫ్లాట్ 24 లక్షలు. ఏది మేలు? తెనాలి దగ్గర మామగారి పేరున డాబా ఉంది, మాకు సబ్సిడీ వస్తుందా?

జవాబు: టిడ్కో ఇంటి మాట మరిచిపోండమ్మా. అది ఆయనకు లబ్ధిదారుడిగా వచ్చింది, బ్యాంకు లోనూ ఆయన పేరు మీదే ఉంది. మీరు పదేళ్ళు కిస్తీలు కట్టినా బ్యాంకు దృష్టిలో కట్టింది ఆయనే. రేపు ఆయన పిల్లలు వచ్చి ఖాళీ చేయమంటే ఆ నోటరీ కాగితం మిమ్మల్ని కాపాడదు. రిజిస్ట్రేషన్ లేనిదే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఇక ఫ్లాట్. పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ రాయితీ ఉంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు లోన్ ఉండాలి. మీరు మూడింటికీ సరిపోతారు. మామగారి డాబా అడ్డు కాదు. ఈ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలే. ఇల్లు మాత్రం మీ పేరున గానీ ఇద్దరి పేరున గానీ రాయించండి.

వచ్చేది గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదేళ్ళలో ఐదు విడతలుగా లోన్ ఖాతాకే జమవుతుంది. తమాషా ఏమిటంటే 24 లక్షలకు రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున సరిగ్గా 1.80 లక్షలే! కాకపోతే అది మొదటి రోజే చేతి నుంచి పోతుంది. కాబట్టి సబ్సిడీ ఉంది కదా అని బేరమాడడం మానకండి.

6 లక్షలు మీరు పెడితే, మిగతా 18 లక్షల లోన్ 20 ఏళ్ళకు 8.5 శాతం మీద కిస్తీ దాదాపు 15,600. జీతం స్లిప్పు లేదని ఏ ఫైనాన్స్ కంపెనీయో 10.5 శాతం వేస్తే 17,970 దాకా పోతుంది. ఏడాదికి 28 వేల తేడా! సబ్సిడీ విడత 36 వేలు, అదీ ఐదేళ్ళే. ఈ తేడా 20 ఏళ్ళూ కట్టాలి. అందుకే మీవారి కూలి, మీ కుట్టు డబ్బులు ఇప్పటినుంచే బ్యాంకు ఖాతాలో వేయండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ చేతిలో ఉంటే మాట్లాడడానికి బలం.

ఈ ఆరు నెలలూ అద్దె పోను మరో 7,600 (కిస్తీకీ అద్దెకీ ఉన్న తేడా) విడిగా తీసి పెట్టి చూడండి. ఫ్లాట్‌కు 6 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 1.80 పోతే మీకు మిగిలేది 70 వేలే. ఈ పొదుపుతో అది 1.15 లక్షలు దాటుతుంది, ఆరేడు కిస్తీలకు సరిపడా. రెండు నెలలకే చెయ్యి బిగుసుకుపోతే 24 లక్షల ఫ్లాట్ మీది కాదని తెలిసిపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్ళు చూసినవాళ్ళు, మీకు నేను చెప్పాలా? అయినా ఫ్లాట్ కొనేముందు పార్కింగ్ గోడల మీద నీటి గీత ఎంత ఎత్తున ఉందో చూడండి. కొత్త రంగు వేసి ఉంటే వాచ్‌మన్‌నడగండి.