బరంపురం శివారులో ఒక్క వీధి రేకులే ఎగిరిపోతే అది టోర్నడోనా, మామూలు గాలివానా?

పక్క వీధికి ఏమీ కాలేదంటే అనుమానించాల్సిందే. ఒడిశాలో టోర్నడోలు రావనుకోకండి: 2009 మార్చి 31న కేంద్రాపడ జిల్లా రాజకనికలో వచ్చింది, అది బలహీనమైనదీ కాదు. అయితే సంగతి తేల్చేది రేకులు కాదు, చెట్లు. ఉరుముల వానలో మేఘం నుంచి ఒక్కసారిగా దిగే గాలి నేలను తాకి విచ్చుకుంటుంది. చెట్లన్నీ ఒకే వైపుకో, విసనకర్రలా బయటికో పడతాయి. టోర్నడోకి సన్నటి దారి ఉంటుంది, చెట్లు తరచూ రెండు పక్కల నుంచీ దాని మధ్యకే వాలతాయి. మన అర్ధగోళంలో అది చాలావరకు అపసవ్యంగా తిరుగుతుంది గనుక, వెళ్లే దిశకు కుడి పక్కన తిరిగే వేగం, కదిలే వేగం కలుస్తాయి. దెబ్బ అక్కడే ఎక్కువ.

బలహీనమైన టోర్నడోలంటే, వాటి బలాన్ని చెప్పే ఈఎఫ్ కొలమానంలో ఈఎఫ్0 (గాలి గంటకు 105–137 కి.మీ.), ఈఎఫ్1 (138–177). సరిగ్గా కట్టిన స్లాబు ఇల్లు వీటికి నిలుస్తుంది. పోయేది వరండా రేకులే: గాలి అంచు కింద దూరి పైకెత్తుతుంది, రేకును కింది పైపుకు బిగించే జె బోల్టు కన్నం దగ్గర సిమెంటు రేకు పగిలిపోతుంది, బోల్టు మాత్రం పైపుకే వేలాడుతుంది. రేకుల మీద పెట్టే రాళ్లు ఎందుకూ పనికిరావు, పైగా ఎవరి నెత్తినో పడతాయి.

తెగిన కరెంటు తీగల జోలికి పోకండి. చెట్లు నరికి తీసేయకముందే, ఒక్కొక్కటీ మొదలు నుంచి కొన ఏ దిక్కుకు పడిందో ఫోన్‌లోని దిక్సూచితో చూసి రాసుకోండి, లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి. తహసీల్దారు ఆఫీసులో పరిహారం అర్జీకి ఇంటి ఫొటోలూ జతచేయండి.