పాఠకుల ప్రశ్నలు: హిట్లర్ ఓట్లతోనే గెలిచాడా?

హిట్లర్ ఎన్నికల్లో గెలిచే అధికారంలోకి వచ్చాడని క్లాసులో చెప్పారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

సగమే నిజమమ్మా. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీలకు మెజారిటీ రాలేదు. 1928లో వాళ్లకు వచ్చినవి 12 సీట్లు. ఆర్థిక మాంద్యం విరుచుకుపడ్డాక 1930 సెప్టెంబరులో 107కి పెరిగాయి. నిరుద్యోగులు 60 లక్షలు దాటిన 1932లో, జులై ఎన్నికల్లో 230 వచ్చాయి. సభలో అతిపెద్ద పార్టీ అయ్యారు గానీ, మొత్తం సీట్లు 608. నవంబరులో మళ్లీ ఎన్నికలు పెడితే 196కి పడిపోయారు.

అలా గాలి తగ్గుతున్న వేళ, 1933 జనవరి 30న, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను ఛాన్సలర్‌గా (మన ప్రధానమంత్రి లాంటి పదవి) నియమించాడు. ఈ బేరం కుదిర్చింది మాజీ ఛాన్సలర్ పాపెన్. హిట్లర్‌తో కలిపి మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే, మిగతావాళ్లు మనవాళ్లే, పగ్గాలు మన చేతిలోనే ఉంటాయని ఆయన లెక్క. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. దేశ హోంశాఖ నాజీ నేత ఫ్రిక్‌కు దక్కింది. దేశ జనాభాలో సగానికి పైగా ఉన్న ప్రష్యా రాష్ట్రంలో హోంశాఖ, అంటే పోలీసు యంత్రాంగం, మరో నాజీ నేత గోరింగ్ చేతికి వెళ్లింది. మూడు వారాలు తిరిగేసరికి పార్టీ దళాల నుంచి, వాటికి తోడైన జాతీయవాద సంఘం నుంచి 50 వేల మంది చేతికి తెల్లపట్టీ కట్టుకుని సహాయక పోలీసులైపోయారు. నిన్నటి దాకా వీధుల్లో కొట్లాడినవాళ్లకు ఇప్పుడు అరెస్టు చేసే అధికారం వచ్చింది. సంకీర్ణంలో ఎన్ని శాఖలు ఇచ్చారన్నదాని కంటే ఏ శాఖలు ఇచ్చారన్నదే ముఖ్యం.

మరి మెజారిటీ లేని ప్రభుత్వాలు అంతకుముందు ఎలా నడిచాయి? పార్లమెంటు ఏం చేస్తోంది?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 1919 నాటి జర్మనీ రాజ్యాంగంలో (దీన్నే వైమార్ రాజ్యాంగం అంటారు) 48వ అధికరణం ప్రకారం శాంతిభద్రతలకు ముప్పు వస్తే అధ్యక్షుడు అత్యవసర ఉత్తర్వులు ఇవ్వొచ్చు. పార్లమెంటు (దాని పేరు రైష్‌స్టాగ్) కోరితే వాటిని రద్దు చేయాల్సిందే. ఇంతవరకు అడ్డుకట్ట ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ 25వ అధికరణం ప్రకారం రైష్‌స్టాగ్‌ను రద్దు చేసే అధికారం కూడా ఆ అధ్యక్షుడిదే. ఈ రెండూ కలిస్తే అడ్డుకట్ట తెగిపోతుంది.

1930 జులైలో జరిగింది ఇదే. ఛాన్సలర్ బ్రూనింగ్ బడ్జెట్ ప్రతిపాదనలు సభలో వీగిపోతే ఉత్తర్వుగా తెచ్చాడు. సభ ఆ ఉత్తర్వును కొట్టేసింది. అధ్యక్షుడు సభనే రద్దు చేశాడు. ఉత్తర్వు మళ్లీ వచ్చింది. ఆ ఎన్నికల్లోనే నాజీలు 107కి చేరారు. మరోసారి ఎన్నికలొస్తే ఇంకా పెరుగుతారన్న భయంతో సోషల్ డెమోక్రాట్లు బ్రూనింగ్ ఉత్తర్వులను అడ్డుకోవడం మానేశారు. వాళ్ల ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే, కానీ సభ ఖాళీ గదిలా మారింది. 1932లో సభ కూర్చున్నది 13 రోజులే. చేసిన చట్టాలు 5, ఉత్తర్వులు అంతకు పది రెట్లకు పైగా. ఆ ఏడాది జులై 20న పాపెన్ అదే 48వ అధికరణం చూపించి ప్రష్యా ప్రభుత్వాన్నే తొలగించాడు. ఆరు నెలల తర్వాత గోరింగ్ చేతికి ఆ పోలీసు శాఖ అంత తేలిగ్గా చిక్కిందంటే కారణం ఇదే. నిరంకుశుడు రాకముందే, ప్రజాస్వామ్యవాదులమని చెప్పుకునేవాళ్లే తాళాలు తీసి పెట్టారన్నది మా అభిప్రాయం.

మూడింట రెండొంతుల మద్దతు లేకుండా రాజ్యాంగాన్ని ఎలా పక్కన పెట్టగలిగాడు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

దానికి రెండు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. 1933 ఫిబ్రవరి 27 రాత్రి రైష్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడే వచ్చిన ఉత్తర్వు ఏడు ప్రాథమిక హక్కులను నిలిపేసింది. మార్చి 5 ఎన్నికలు ఆ నీడలోనే జరిగాయి. అయినా నాజీలకు 647లో 288 సీట్లే వచ్చాయి. మిత్రపక్షం 52తో కలిపి 340.

చట్టాలు చేసే అధికారాన్ని మంత్రివర్గానికి అప్పగించాలంటే మూడింట రెండొంతుల మంది సభలో హాజరు కావాలి, హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. కమ్యూనిస్టులు 81 మందీ జైళ్లలోనో అజ్ఞాతంలోనో ఉన్నారు, వాళ్ల సీట్లను లెక్కలోంచే తీసేశారు. ప్రతిపక్షం బహిష్కరించి కోరం చెడగొట్టకుండా, చెప్పకుండా రానివాళ్లను కూడా 'హాజరు'గా రాసుకునేలా సభ నియమాలు మార్చారు. ఇక కావాల్సింది 73 సీట్లున్న కాథలిక్కుల పార్టీ, సెంటర్ పార్టీ మద్దతు. దాని నాయకుడు కాస్ హామీలు రాతపూర్వకంగా కావాలన్నాడు. ఉత్తరం వస్తుందన్నారు. ఓటింగ్ అయిపోయింది, ఉత్తరం రాలేదు.

మార్చి 23న సభ క్రోల్ ఒపేరా హౌస్‌లో జరిగింది. చుట్టూ, లోపలా యూనిఫాంలో పార్టీ దళాలే. సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఓటో వెల్స్ లేచి, "మా స్వేచ్ఛ తీసుకోవచ్చు, ప్రాణాలు తీసుకోవచ్చు, గౌరవాన్ని మాత్రం తీసుకోలేరు" అన్నాడు. వాళ్ల 120 మందిలో ఆ రోజు రాగలిగింది 94 మంది. ఆ 94 మందీ వ్యతిరేకంగానే ఓటేశారు. అనుకూలంగా 444. జులై 14 నాటికి దేశంలో మరో పార్టీ ఉండటమే నేరమైంది.

మన ఎమర్జెన్సీ నిబంధనలకు, జర్మనీకి సంబంధం ఉందంటారు?
– జూనియర్ లాయర్, గుంటూరు

అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులను నిలిపేసే ఏర్పాటుకు వైమార్ రాజ్యాంగమే మూలమని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే 1978 నాటి 44వ సవరణను కూడా చదవండి. ఎమర్జెన్సీ విధించడానికి చూపే కారణాల్లో 'అంతర్గత అలజడి' స్థానంలో 'సాయుధ తిరుగుబాటు' చేరింది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉంటే తప్ప రాష్ట్రపతి సంతకం చేయకూడదు. 1975 జూన్ 25 రాత్రి సంతకం ముందు జరిగి, కేబినెట్‌కు తెల్లారాక తెలిసింది మరి. నెల రోజుల్లో ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. 20 (నేరారోపణ, శిక్షల విషయంలో రక్షణ), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాలను మాత్రం ఎప్పుడూ నిలిపేయకూడదు. 1933 ఫిబ్రవరి 28 ఉత్తర్వు నిలిపేసిన ఏడింటిలో మొదటిది 114వ అధికరణం, అంటే వ్యక్తి స్వేచ్ఛ. అది మన 21వ అధికరణానికి దగ్గరది. ఆ ఉత్తర్వు 1945 దాకా అమల్లోనే ఉంది.