ఏమడిగినా ‘ఏముంది బిడ్డా’ అనే నాయనమ్మ జ్ఞాపకాలు ఎలా రికార్డు చేయాలి?

మీ నాయనమ్మకు 92 ఏళ్లని, ఫోన్ ఎదురుగా పెట్టి అడిగితే "ఏముంది బిడ్డా, కష్టపడ్డం, బతికినం" అని ఊరుకుంటున్నారని రాశారు. మా అమ్మమ్మా ఇదే మాట అనేది. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. వారం రోజులు అడిగి అడిగి, ఇక చెప్పదులే అనుకున్నాను.

ఒకరోజు ఆమె చాటలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని, "చిన్నప్పుడు కూడా బియ్యమేనా అమ్మమ్మా?" అన్నాను. "బియ్యమెక్కడిది, పండగ్గదా బియ్యం! జొన్న గటకనే" అంది. జొన్నల మీంచి మాట పాతర మీదికి, అంటే ధాన్యం దాచే గొయ్యి మీదికి పోయింది. నిజాం పక్షాన ఊళ్ల మీద పడే సాయుధ దళం రజాకార్లు వస్తున్నారంటే పాతరలో జొన్నలు పోసి, పైన మన్ను కప్పి, పేడతో అలికి, దాని మీద బాలింతను పడుకోబెట్టేవాళ్లట. ఊళ్లో ఆడవాళ్లు కారప్పొడి, రోకళ్లు సిద్ధంగా పెట్టుకున్నారట. రాళ్లు విసిరే వడిసెల ఎలా తిప్పాలో చెయ్యెత్తి చూపించింది. నా దగ్గర ఆడియో మాత్రమే ఉంది, ఆ చెయ్యి లేదు. ఇప్పటికీ నాకు అదే బాధ. మీరు మాత్రం వీడియో తీయండి. ముఖం ఒక్కటే కాదు, చేతులు కూడా పడాలి.

ఏ సంవత్సరం అని అడగకండి. వాళ్ల లెక్క వేరు. "మిలిట్రీ వచ్చిన ఏడు నేను కొత్త కోడల్ని" అంది. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది 1948 సెప్టెంబర్‌లో కాబట్టి ఆమె పెళ్లి ఎప్పుడైందో మాకు అలా తెలిసింది. మా వైపు ఇంకో గుర్తు నాగార్జునసాగర్ కాలువ. దానికి మొదటిసారి నీళ్లు వదిలింది 1967లో. కాలువకు ముందా, తర్వాతా అని అడిగితే టక్కున చెప్పేది.

రాసేటప్పుడు ఆమె మాటను పుస్తకాల తెలుగులోకి మార్చకండి. "రెండు హాలీ రూపాయలు" అని ఆమె అంటే నాకు అర్థం కాలేదు, అయినా విన్నది విన్నట్టే రాశాను. అది నిజాం నాణెమని, ఇంగ్లీషు వాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లని తర్వాత తెలిసింది. ఆ రోజు దిద్ది ఉంటే ఆ మాట పోయేది. ఒకే సంగతి రెండు రకాలుగా చెప్పినా దిద్దొద్దు, రెండూ ఉంచండి.

పొద్దున చాయ్ తాగాక అరగంట చాలు. బాగా వినిపించే చెవి వైపు కూర్చోండి. మొదట్లో తేదీ, పేరు, ఊరు మీ గొంతుతో చెప్పండి. "ఇది ఎవరికీ చెప్పకు" అంటే వెంటనే ఆపేయండి. మా అమ్మమ్మ తన తమ్ముడి గురించి అలా అంది, నేను ఆపేశాను.

ఇంకొకటి, రికార్డు చేసిన రోజే ఇంకోచోట కాపీ పెట్టండి. నా ఫోన్ వానలో తడిసి పాడైంది. మా చెల్లికి వాట్సాప్‌లో పంపిన పదకొండు ఆడియోలే మిగిలాయి. అప్పటికి అమ్మమ్మ లేదు.

మీ నాయనమ్మ పుట్టిల్లు ఏ వైపు? చెబితే ఆ ప్రాంతంలో పెద్దవాళ్లు గుర్తుపెట్టుకునే వరదలు, కరువులు, కాలువలు ఏవో చూసి, అడగడానికి పనికొచ్చే ప్రశ్నలు రాసి పంపుతాను.