తల్లి టీకి వెళ్ళినప్పుడే పిల్ల నోరు విప్పుతుంది

బీఎస్సీ నర్సింగ్‌లో సైకియాట్రీ పోస్టింగు పడిందనీ, అక్కడికి వచ్చే టీనేజీ పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియక భయంగా ఉందనీ ప్రశ్న అడిగినవారు రాశారు. ఆ పోస్టింగు ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో చేసి వచ్చినదాన్ని కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లలను చూసి భయపడవలసిన పని ఏమీ లేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మనం పిల్లను అడిగే ప్రతి ప్రశ్నకూ తామే జవాబు చెప్పే పెద్దలతోనే అసలు చిక్కంతా.

నాకు అప్పగించిన రోగి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న అమ్మాయి. హాస్టల్లో పళ్ళు బిగబట్టి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతుంటే మొదట ఫిట్స్ అనుకున్నారు; గాలి సోకిందని కూడా అనుకున్నట్టు మెడలోని తాయెత్తే చెబుతోంది. మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ పరీక్షలో గానీ స్కానింగులో గానీ ఏమీ కనబడలేదు. పైగా మూర్ఛవ్యాధిలో సాధారణంగా కళ్ళు తెరిచి ఉంటాయి, ఈ అమ్మాయి పడిపోయినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకునే ఉంటోంది. ఇవన్నీ చూసి, లోపలి ఒత్తిడి ఇలా శరీరం మీదుగా బయటపడుతోందనీ, దీన్ని డిసోసియేటివ్ సమస్య అంటారనీ మనోవైద్యులు తేల్చారు. అంతకుముందే క్యాజువాలిటీలో ఎవరో ‘యాక్షన్ చేస్తోంది’ అనేశారట. ఆ మాట అనేవారంటే నాకు ఒళ్ళు మంట. అమ్మోనియా దూది ముక్కు దగ్గర పెడితే లేచి కూర్చుంది గనుక నాటకమేనని తీర్పు చెప్పేవారికి, ఆ పడిపోవడం పిల్ల చేతిలో లేదన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.

రోగితో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్టు రాసే ప్రాసెస్ రికార్డింగ్ ఫారం పట్టుకుని నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా ఉంది అని అడిగితే, ‘మా పిల్లకు చదువంటే ప్రాణం సిస్టరమ్మా, ఎవరి దిష్టో తగిలింది’ అని తల్లి అందుకునేది. అమ్మాయి మాత్రం దుప్పటి అంచును వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

ఒక ఉదయం తల్లి టీ తెచ్చుకోవడానికి క్యాంటీనుకు వెళ్ళింది. అమ్మాయి జుట్టు చిక్కుపడి ఉంటే, దువ్వెనా కొబ్బరినూనె సీసా తీసుకుని ఆమె వెనక కూర్చున్నాను. నేనేమీ అడగలేదు. ఒక జడ సగానికి వచ్చేసరికి, ‘అక్కా, మా కాలేజీలో సెక్షన్ మార్చేటప్పుడు పేర్లు మైకులో చదువుతారు’ అంది. వారాంతపు పరీక్షల మార్కులను బట్టి పిల్లలను పై సెక్షనుకూ కింది సెక్షనుకూ మారుస్తారనీ, తన పేరు కిందికి దిగినవారిలో చదివిన సాయంత్రమే మొదటిసారి పడిపోయాననీ, ఫీజు కోసం నాన్న అమ్మ గాజులు తాకట్టు పెట్టాడు గనుక ఆ సంగతి ఇంట్లో చెప్పలేదనీ రెండో జడ పూర్తయ్యేలోపు చెప్పింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని అప్పుడు నేరుగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, పుట్టదు. అనిపించిందనీ, ఇప్పుడు లేదనీ అంది. ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి డాక్టరుగారికి చెప్పక తప్పదనీ, మార్కుల సంగతి అమ్మతో ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకోవచ్చనీ ఆమెకు ముందే చెప్పి, ఆ తరవాతే డ్యూటీ డాక్టరుకు చెప్పాను.

పదహారేళ్ళ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ మాట్లాడమని పాఠాలు రాసినవారు పదహారేళ్ళ పిల్లతో ఎన్నడూ మాట్లాడి ఉండరని నా గట్టి నమ్మకం. ముఖం కనబడని చోట, చేతులకు ఏదో పని ఉన్నప్పుడు వాళ్ళు మాట్లాడతారు. రికార్డులో ‘ఉపయోగించిన టెక్నిక్’ అన్న గడిలో నేను ‘జడ వేయడం’ అని రాస్తే మా మేడం ఎర్ర ఇంకుతో కొట్టేసి, పుస్తకంలో ఉన్నదే రాయమన్నారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, వాళ్ళు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సంరక్షకులు తోడుండాలి. తోడుండే నిబంధన మేలైనదే. ఒంటరి పిల్లను ఎవరూ ఏమీ చేయకుండా అది కాపాడుతుంది. కానీ పిల్ల ఒంటరిగా మాట్లాడడానికి ఒక గది, కనీసం ఒక తెర అయినా మా వార్డులో లేదు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని లెక్క తేల్చింది. వాళ్ళను చూసే చోటేమో పెద్దవాళ్ళ వార్డులో ఒక మూల. మా బంధువుల బాధ వేరు: ‘పిచ్చాసుపత్రి డ్యూటీ అని బయట చెప్పకు, సంబంధాలు రావు’ అని మా పిన్ని ఇప్పటికీ అంటుంది.

కాబట్టి పోస్టింగుకు వెళ్ళేవారు మొదటిరోజే పిల్లతో కాదు, తల్లితో స్నేహం చేసుకోండి. ఆమె కాస్త నిశ్చింతగా బయటికి వెళ్ళి టీ తాగి రాగలిగితే, మీ పని సగం అయినట్టే. ఆ అమ్మాయి డిశ్చార్జి అయ్యేనాటికి పడిపోవడం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. మందులకంటే కౌన్సెలింగే ముఖ్యమని చెప్పి, తల్లిదండ్రులిద్దరినీ మళ్ళీ ఓపీకి రమ్మన్నారు. వాళ్ళు వచ్చే సమయానికి మా బ్యాచ్‌ను కమ్యూనిటీ పోస్టింగుకు పంపేశారు. వార్డులో చూసిన రోగిని ఓపీలో మరొక్కసారైనా చూసే వీలు ఈ పోస్టింగుల్లో కల్పించాలని మా ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను.